తొక్కలోనే తీపి

గింజలు ఒలిచే పని లేదు, ఉడికించే పని లేదు. తీగ మీంచి తెంపి కాయంతా కరకరా నమిలేయొచ్చు. షుగర్ స్నాప్ బఠాణీ అమెరికా రైతుబజార్లలో చిన్న రైతు బల్ల మీద నిలబడింది. గ్వాటెమాలా కొండల్లో, కెన్యా పీఠభూముల్లో ఎగుమతి పంటగా మారి, రైతుకు లాభమూ చూపించింది, దెబ్బా చూపించింది. ఒకే కాయ రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తించింది? అందులో మన రైతుకు పనికొచ్చేదేమిటి?

జూన్ నెలాఖరు శనివారం. అమెరికాలోని మినెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో రైతుబజారు పొద్దున్నే నిండిపోతుంది. అట్టబుట్టల్లో నిగనిగలాడే బఠాణీ కాయలు పోసుకుని నిలబడ్డవాళ్లలో చాలామంది మోంగ్ తెగవాళ్లు. లావోస్ కొండల్లో పోడు చేసుకుని బతికిన జనం. 1975 తర్వాత యుద్ధం తరిమితే శరణార్థులుగా ఇక్కడికి చేరారు. వచ్చినప్పుడు సొంత భూమి లేదు, యంత్రాలు కొనే స్తోమత లేదు. ఉన్నదల్లా సేద్యం తెలిసిన చేతులు, కలిసి పొలంలోకి దిగే కుటుంబం. అక్కడి మోంగ్ రైతులు 2011లో ఒక సంఘం పెట్టుకున్నారు. అది 155 ఎకరాల పొలాన్ని చిన్న చిన్న ముక్కలుగా కుటుంబాలకు కౌలుకిస్తుంది. ఆ ముక్కల్లో పండే కూరగాయలు ఆ నగరం వంటిళ్లకు చేరుతున్నాయి.

అలాంటి కుటుంబానికి షుగర్ స్నాప్ అచ్చంగా అతికే పంట. తాజాగా అమ్మే కాయను చేత్తోనే కోయాలి. రెండు రోజులకోసారి కోయాలి. కోసిన కాయ ఎంత త్వరగా నోటికి చేరితే అంత తీపి. వందల ఎకరాల ఆసామికి ఈ మూడూ తలనొప్పులు. ఎకరంలోపు రైతుకు మాత్రం ఇవే పెట్టుబడి. ఈ కథనమంతా ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: ఈ బఠాణీలో రైతుకు దక్కే విలువ దాని తీపిలో ఉంది, ఆ తీపి పొలానికీ తినేవాడికీ మధ్య ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. దూరం తగ్గిన చోట రైతు గెలిచాడు. దూరం పెరిగిన చోట విలువలో ఎక్కువ భాగం మధ్యవాళ్లకు పోయింది, నష్టభయం మాత్రం రైతు దగ్గరే మిగిలింది.

ఇడాహోలో పుట్టిన కాయ

మనకు తెలిసిన పచ్చి బఠాణీకి తొక్క లోపలివైపు గట్టి పొర ఒకటి ఉంటుంది. ఎంత నమిలినా నలగదు. అందుకే గింజలు ఒలుచుకుని తొక్క పశువులకు వేస్తాం. ఆ పొర లేని రకాలూ తరతరాలుగా ఉన్నాయి. చైనా వంటల్లో కనిపించే పల్చటి, బల్లపరుపు స్నో బఠాణీ అలాంటిదే. దాన్ని గింజ ముదరకముందే తొక్కతో తింటారు. 1856 నుంచి 1863 దాకా ఇప్పటి చెక్ దేశంలోని బ్రనోలో గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసి వంశపారంపర్య సూత్రాలు రాబట్టాడు. ఆయన ఎంచుకున్న ఏడు లక్షణాల్లో కాయ ఆకారం ఒకటి: ఉబ్బినట్టు ఉందా, గింజల మధ్య నొక్కుకుపోయిందా అని. ఆ నొక్కుల వెనక ఉన్నది ఈ గట్టి పొర లేకపోవడమే.

అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని ట్విన్ ఫాల్స్‌లో గాలటిన్ వ్యాలీ సీడ్ కంపెనీలో కాల్విన్ లాంబోర్న్ అనే వంగడాల శాస్త్రవేత్త 1960ల చివర్లో పనికి చేరాడు. స్నో బఠాణీ కాయలు వంకరలు పోకుండా నున్నగా ఉండేలా చేయడం ఆయన ముందున్న పని. మామూలు గింజ బఠాణీ మడిలో తొక్క బాగా మందంగా ఉన్న మొక్క ఒకటి దొరికింది. విత్తనం కల్తీ కాకుండా ఏరి పారేయాల్సిన మొక్క అది. లాంబోర్న్ దాన్ని స్నో బఠాణీతో సంకరం చేశాడు. వచ్చిన సంతానంలో గట్టి పొర లేదు, తొక్క మాత్రం కండపట్టి గుండ్రంగా ఉంది. లోపల గింజ పూర్తిగా ఊరినా తొక్క మెత్తగా, రసంగా, తియ్యగా ఉంది. వేలితో వంచితే టప్పున విరిగింది. దానికి పెట్టిన పేరే షుగర్ స్నాప్.

1979లో ఆ రకానికి ఆల్ అమెరికా సెలెక్షన్స్ అనే సంస్థ బంగారు పతకం వచ్చింది. తీగ ఆరడుగులకు పైగా పాకేది. పందిరి వేసే ఓపిక లేనివాళ్ల కోసం పొట్టి రకాలు వచ్చాయి. వాటిలో షుగర్ ఆన్‌కు 1984లో అదే సంస్థ గుర్తింపు దక్కింది. ఆ తర్వాత పీచు లేనివి, బూడిద తెగులు తట్టుకునేవి వచ్చాయి. ఇవన్నీ ఏ మొక్కకామొక్కే తన పుప్పొడితో కాయ కట్టేవి. రకం స్థిరపడిందైతే కొన్ని కాయలను తీగ మీదే ఎండనిచ్చి రైతు తన విత్తనం తనే దాచుకోవచ్చు. ప్రతి ఏడూ విత్తనాల దుకాణం ముందు నిలబడే రైతుకు ఇది చిన్న సంగతి కాదు. లాంబోర్న్ 2017లో కన్నుమూశాడు. ఆయన ఏరి పారేయకుండా దాచిన ఆ ఒక్క మొక్క ఇప్పుడు ఖండాలు దాటింది.

తీపికి గడువు ఉంది

బఠాణీ కాయ తీగ నుంచి తెగినా బతికే ఉంటుంది, ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆ ఊపిరికి తనలోని చక్కెరే ఖర్చవుతుంది, మిగిలిన చక్కెర మెల్లగా పిండిగా మారుతుంది. వేడి ఎక్కువైతే ఈ మార్పు గంటల్లోనే నాలుకకు తెలుస్తుంది. అందుకే తెలిసిన రైతులు ఎండ ఎక్కకముందే కోసి, కాయను వెంటనే నీడలోకి చేర్చి, చన్నీటితో చల్లబరుస్తారు. సున్నా డిగ్రీల దగ్గర, 95 శాతం తేమలో ఉంచితే వారం పది రోజులు నిలుస్తుంది. నిలవడం వేరు, మొదటి రోజు రుచి వేరు. ఆ తేడా చూపించి అమ్మగలిగినవాడికే మంచి ధర పలుకుతుంది.

తీగ మీద కూడా గడువు ఉంది. పూసిన సుమారు మూడు వారాలకు కాయ తయారవుతుంది. గింజలు నిండుగా ఊరి, తొక్క ఇంకా మెరుస్తున్న ఆ రెండు మూడు రోజులే సరైన సమయం. ముందే కోస్తే తూకం రాదు, తీపి ఎక్కదు. ఆలస్యమైతే తొక్క మెరుపు తగ్గి పీచు పడుతుంది. ఇంకో చిక్కు ఉంది. ముదిరిన కాయలను తీగ మీద వదిలేస్తే మొక్క తన పని అయిపోయిందనుకుని పూత ఆపేస్తుంది. క్రమం తప్పకుండా కోస్తేనే మళ్లీ పూస్తుంది. ఈ పంటలో కోత కూడా సాగులో భాగమే.

కోయడానికీ ఓ పద్ధతి ఉంది. ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో కాయను తొడిమతో సహా తుంచాలి. ఒంటి చేత్తో లాగితే గుల్లగా ఉండే కాడ చిట్లుతుంది. చేయి తిరిగిన మనిషికీ గంటలో తెగేవి కొద్ది కిలోలే. ఈ పంట ఖర్చులో అన్నిటికంటే బరువైనది కోతకూలి. తన కుటుంబం ఎన్ని గంటలు కోయగలదో లెక్క వేసుకుని అంతే విత్తుకున్నవాడు నిలబడతాడు. భూమి ఉంది కదా అని ఎకరాలకు ఎకరాలు విత్తినవాడి కాయలు ముదిరి తీగ మీదే ఉండిపోతాయి.

బల్ల మీద రైతు

అమెరికాలో రైతే నేరుగా అమ్ముకునే సంతలకు పాత చరిత్రే ఉంది. సియాటిల్‌లోని పైక్ ప్లేస్ మార్కెట్ 1907 ఆగస్టు 17న మొదలైంది. దళారుల చేతుల్లో ఉల్లి ధర విపరీతంగా పెరిగిపోతే, జనం కోపాన్ని చూసి నగరం ఆ ఏర్పాటు చేసింది. తర్వాత సూపర్ మార్కెట్లు వచ్చి ఇలాంటి సంతలు చాలాచోట్ల పలుచబడ్డాయి. మళ్లీ ప్రాణం పోసుకున్నాయి కూడా. అమెరికా వ్యవసాయ శాఖ జాబితాలో 1994లో 1,755 రైతుబజార్లు ఉంటే, 2019 నాటికి 8,700 దాటాయి.

ఈ సంతల్లో షుగర్ స్నాప్‌ది ప్రత్యేక స్థానం. వేసవి మొదట్లో టమాటా, మొక్కజొన్న ఇంకా చేతికి రావు. రైతు బల్ల మీద ఆకుకూరలు, ముల్లంగి తప్ప ఏమీ లేనప్పుడు ఈ కాయ వస్తుంది. రైతు ఒక కాయ విరిచి చేతిలో పెడితే చాలు, పిల్లలు బుట్ట వదలరు. కిలో లెక్కన కాకుండా చిన్న బుట్ట లెక్కన అమ్ముతారు కాబట్టి ధర దగ్గర బేరం తక్కువ. కొందరు రైతులు లేత తీగ కొసలను కూడా ఆకుకూరగా కట్టలు కట్టి అమ్ముతారు. కాయ రాకముందే మడి నుంచి నాలుగు డబ్బులు వస్తాయి. పంట అయిపోయాక వేళ్లను నేలలోనే వదిలేస్తారు. బఠాణీ వేళ్ల బుడిపెల్లో రైజోబియం సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. తర్వాత వేసే ఆకుకూరకు అది ఎరువు.

అయినా ఇది చిన్న రైతును ధనవంతుణ్ని చేసే పంట కాదు. ఐదారు వారాల పంట. అలాంటివి పది పన్నెండు వరసగా బల్ల మీదకు వచ్చేలా చూసుకున్నప్పుడే కుటుంబం గడుస్తుంది. బఠాణీ కోసం వచ్చిన మనిషి ముల్లంగీ కొంటాడు, వచ్చే వారం మళ్లీ వస్తాడు. దాని అసలు సంపాదన ఆ మళ్లీ రావడమే.

కొండల మీంచి ఓడల్లోకి

ఇదే కాయను దూరానికి పంపినప్పుడు ఏమైందో గ్వాటెమాలా చెబుతుంది. 1976 ఫిబ్రవరి 4న ఆ దేశాన్ని భూకంపం కుదిపేసింది. పునర్నిర్మాణానికి వచ్చిన స్విస్ సాయంతో సాంటియాగో సాకటెపెకెజ్ ప్రాంతంలో క్వాట్రో పినోస్ అనే రైతు సహకార సంఘం 1979లో ఏర్పడింది. అక్కడి కక్చికెల్ మాయా రైతులవి ఎత్తైన కొండచరియల మీద చిన్న చిన్న కమతాలు. మొక్కజొన్న, చిక్కుడు తరాల పంటలు. చల్లటి గాలి, చేతిపనికి వెనకాడని కుటుంబాలు ఉండటంతో ఎగుమతిదారుల చూపు అటు పడింది. స్నో బఠాణీతో మొదలై తర్వాత షుగర్ స్నాప్ కూడా ఆ చరియల మీదికి పాకింది. అమెరికా సూపర్ మార్కెట్లలో శీతాకాలంలో కనిపించే కాయల్లో పెద్ద వంతు అక్కడివే అయ్యాయి.

మొదటి ఫలితాలు మంచివే. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ 1989లో ప్రచురించిన అధ్యయనం క్వాట్రో పినోస్ కుటుంబాలను పరిశీలించింది. ఎగుమతి పంటలు వేసినవాళ్ల ఆదాయం పెరిగింది. వాళ్లు మొక్కజొన్నను వదిలేయలేదు సరికదా, దాని దిగుబడి కూడా మిగతావాళ్ల కంటే మెరుగ్గా ఉంది. తిండి పంట చేతిలో ఉంచుకుని డబ్బు పంటను పక్కన చేర్చుకున్న తెలివి అది.

తర్వాత దెబ్బలు తగిలాయి. 1992లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ గ్వాటెమాలా స్నో బఠాణీ సరుకును రేవుల్లోనే నిలిపేసి పరీక్షించడం మొదలెట్టింది. క్లోరోథాలోనిల్ అనే తెగుళ్ల మందు అవశేషాలు కనిపించడమే కారణం. ఆ మందును అప్పట్లో అమెరికాలో ఇతర పంటల మీద వాడనిచ్చేవాళ్లు. ఈ పంటకు మాత్రం అనుమతి ఉండేది కాదు. కొండ మీది రైతుకు ఆ తేడా చెప్పినవాళ్లెవరు? మందు అమ్మినవాడు చెప్పలేదు. 1995లో ఆకు తొలిచే పురుగు పేరుతో మరో ఆంక్ష వచ్చింది. ఆ పురుగు అమెరికాకు కొత్తదేమీ కాదని పరిశోధకులు తేల్చాక గానీ అది తొలగలేదు. ఈలోగా పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, అవసరమైనప్పుడే మందు కొట్టే పద్ధతులు రైతులు నేర్చుకున్నారు. నేర్చుకునేలోపు నష్టపోయినవాళ్లు నష్టపోయారు.

కెన్యాలోనూ ఇదే వరస. మౌంట్ కెన్యా చుట్టుపక్కల చిన్న రైతులు పండించిన స్నో, షుగర్ స్నాప్ కాయలు నైరోబీ నుంచి విమానాల్లో ఐరోపా చేరతాయి. 2013 జనవరి నుంచి ఐరోపా సమాఖ్య కెన్యా నుంచి వచ్చే కాయ బఠాణీ, చిక్కుళ్ల సరుకులో పదింట ఒక వంతును సరిహద్దులో పరీక్షించాలని నిర్ణయించింది. డైమిథోయేట్ అనే పురుగుమందు అవశేషాలు పదేపదే దొరకడమే కారణం. పరీక్షల ఖర్చు, ఆలస్యం ఎగుమతిదారుల మీద పడ్డాయి. వాళ్లు చిన్న రైతుల దగ్గర కొనడం తగ్గించుకున్నారు. ప్రతి కాయ ఏ మడిలో కోసిందో, ఏ రోజు ఏ మందు కొట్టారో రాతపూర్వకంగా చూపించాలంటే వందమంది చిన్న రైతులకంటే ఒక పెద్ద తోటతో వ్యవహారం సులువు.

ఇక్కడ తప్పు పంటది కాదు, రైతుదీ కాదు. తినేవాళ్లకు విషం లేని కాయ కావాలనడం న్యాయమే. కానీ వేల మైళ్ల అవతల మారిన నిబంధన, ధర, అభిరుచి ఏదైనా సరే మొదట తగిలేది మడిలో ఉన్న మనిషికి. సెయింట్ పాల్ బల్ల దగ్గర కొనుగోలుదారు 'మందు కొట్టావా' అని మొహం మీదే అడుగుతాడు, రైతు మొహం మీదే జవాబు చెబుతాడు. వ్యవహారం అక్కడికక్కడే తేలిపోతుంది.

మన చలికి సరిపోతుందా

తొక్కతో కాయ తినడం తెలుగువాళ్లకు కొత్త కాదు. సంక్రాంతికి చిక్కుడుకాయల ఈనెలు తీయని ఇల్లు మనకు అరుదు. షుగర్ స్నాప్‌కూ ఆ చేయి తిరిగిన పనే చాలు: కొసలు తుంచి, ఈనె లాగి, పోపులో రెండు నిమిషాలు తిప్పి, పచ్చి కొబ్బరి చల్లి దింపేయొచ్చు. ఎక్కువసేపు ఉడికిస్తే కరకర పోతుంది.

చిక్కు వాతావరణంతో. బఠాణీ చలి పంట. పూత, పిందె సమయంలో పగటి వేడి 30 డిగ్రీలకు చేరితే పూత రాలుతుంది, కాయ పీచు పడుతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరుల్లో దొరికే మామూలు పచ్చి బఠాణీ ఎక్కువగా జబల్‌పూర్ వైపు నుంచీ, ఉత్తరాది నుంచీ వచ్చేదే. అయినా తెలుగు నేలలో చల్లని మూలలు లేకపోలేదు. చింతపల్లి, లంబసింగి, పాడేరు కొండల్లో రాజ్మా ఎన్నో ఏళ్లుగా పండుతోంది. జహీరాబాద్ చుట్టుపక్కల చలికాలంలో బంగాళాదుంప వేస్తారు. ఉమ్మడి చిత్తూరు పడమటి మండలాలు ఎత్తు మీద ఉన్నాయి, బెంగళూరు పక్కనే ఉన్నాయి. ఇలాంటి చోట్ల అక్టోబరు చివర్లో విత్తితే పూత డిసెంబరు చలిలో పడుతుంది. మొదటి ఏడు రెండు మూడు సెంట్లకు మించకుండా వేసి చూడటం క్షేమం.

విత్తనానికి విదేశాల దాకా పోనక్కర్లేదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తొక్కతో తినదగ్గ బఠాణీ రకాలుగా అర్క సంపూర్ణ, అర్క అపూర్వలను విడుదల చేసింది. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి మీఠీ ఫలీ వచ్చింది.

సాగు చేయాలనుకుంటే

నేల: నీరు నిలవని గరప నేల, ఉదజని సూచిక 6 నుంచి 7.5 మధ్య. తడి నిలిస్తే వేరుకుళ్లు వస్తుంది. ఒకే మడిలో ఏటా బఠాణీ వేయకూడదు.

విత్తు: రైజోబియం కల్చర్ పట్టించి, అంగుళం లోతున, రెండు మూడు అంగుళాల దూరంలో. పక్షుల బెడద ఉంటే మొలక లేచేదాకా వల కప్పాలి.

పందిరి: మొలక నాలుగు ఆకులు వేయకముందే కర్రలు పాతి వలగానీ పురికొసగానీ కట్టాలి. నులితీగలు లావు కర్రను పట్టుకోలేవు, సన్నటి దారం కావాలి.

ఎరువు: బాగా చివికిన పశువుల ఎరువు చాలు. యూరియా ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది.

నీరు: పూత, కాయ ఊరే దశల్లో తడి తప్పకూడదు.

తెగుళ్లు: చలికాలం చివర బూడిద తెగులు, పేనుబంక. తట్టుకునే రకం, గాలి ఆడేంత ఎడం, వేపనూనె ముందుజాగ్రత్తలు. కాయను పచ్చిగా తింటారు కాబట్టి కోత మొదలయ్యాక విష మందుల జోలికి పోకూడదు.

కోత: విత్తిన 60 నుంచి 70 రోజులకు మొదలు. ఆపై రెండు రోజులకోసారి, పొద్దున్నే.

పది రోజుల ఎడంతో రెండు మూడు దఫాలుగా విత్తుకుంటే కాయ ఒక్కసారే మీద పడదు.

కొనేవాడు ముందు, విత్తనం తర్వాత

మనకు సంతలు కొత్త కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే తూకం వేసి అమ్ముకునే ఏర్పాటు ఇంత విస్తృతంగా ఉన్న రాష్ట్రాలు దేశంలో తక్కువ. షుగర్ స్నాప్ లాంటి పంటకు కావలసిన మొదటి మెట్టు మన ఊళ్లలో ఇరవై ఐదేళ్లుగా సిద్ధంగా ఉంది. లోటల్లా ఆ బజార్లో కొత్త కాయకు, రుచికి, తాజాదనానికి విడిగా ధర పలికే వీలు. అన్ని టమాటాలకూ ఒకే బోర్డు ధర రాసే చోట పొద్దున కోసిన కాయకూ నిన్నటి కాయకూ తేడా కనిపించదు. రైతుబజార్లలో ఒక వరసను 'ఈ రోజు కోసినవి' అని విడిగా పెట్టి, ధర నిర్ణయం రైతుకే వదిలి చూడాలి. అందుకు ఖర్చేమీ కాదు.

బజారు దొరకని చోట వేరే దారులున్నాయి. హైదరాబాద్, విశాఖ అపార్టుమెంట్లలో సేంద్రియ కూరగాయలు వారం వారం తెప్పించుకునే కుటుంబాలు పెరుగుతున్నాయి. ముప్పై నలభై ఇళ్ల వాట్సాప్ బృందం ఒకటుంటే రెండు మూడు సెంట్ల కాయ అమ్ముడుపోతుంది. ఆ ఇళ్లతో ముందే మాట్లాడుకుని తర్వాత విత్తాలి. హోటళ్ల కోసం పండిద్దామనుకునేవాళ్లు వారానికి ఎన్ని కిలోలు, ఏ రోజు, ఏ ధర అన్నది కాగితం మీద రాయించుకుని దుక్కి దున్నాలి. ధర పడిపోయి మదనపల్లె దారుల్లో టమాటా పారబోసిన రైతుల్ని చూసినవాళ్లం మనం. మార్కెట్ తెలియకుండా కొత్త పంట వెంట పరుగెత్తితే అదే దారిలో బఠాణీ తీగలూ పడతాయి.

ప్రభుత్వాలకూ ఒక మాట. చిన్న రైతుకు కొత్త పంట అనగానే ఎగుమతి గురించి మాట్లాడటం అలవాటైంది. గ్వాటెమాలా, కెన్యాల అనుభవం ఆ అలవాటును ఆపి ఆలోచించమంటోంది. ఎగుమతికి ముందు ఇరవై కిలోమీటర్ల లోపు కొనేవాళ్లను చూపించండి. పక్కా షెడ్డు, నీడ, చల్లబరిచే చిన్న గది, పొద్దున్నే బయల్దేరే బస్సులో కూరగాయల గంపకు చోటు ఇవ్వండి. ఐదు కోట్ల శీతల గోదాము కంటే ఐదు మండలాల్లో ఐదు చిన్న చల్లగదులు ఈ పంటకు ఎక్కువ మేలు చేస్తాయి.

చిన్న కమతం అంటే మనం లోటుగా మాట్లాడుకుంటాం. యంత్రం రాదని, ఖర్చు ఎక్కువని, గిట్టదని. కొన్ని పంటలకు చిన్నగా ఉండటమే బలం. చేత్తో కోయాల్సినవి, ఆ రోజే అమ్మాల్సినవి, కొనేవాడి కళ్లముందు విరిచి రుచి చూపించాల్సినవి. షుగర్ స్నాప్ వాటిలో ఒకటి. అలాంటి పంటల జాబితా మన ప్రతి మండలానికీ ఒకటి తయారు కావాలి. ప్రతి పంట పక్కనా కొనేవాళ్ల పేర్లు ఉండాలి. ఆ జాబితా చేతిలో ఉన్న రైతుకు రెండెకరాలు తక్కువేమీ కాదు.